బల్ల ఎక్కని కాన్పు

మా అత్తయ్య బహ్రెయిన్‌లో దిగిన రోజు నుంచీ మా రెండు గదుల ఫ్లాటంతా ఆముదం వాసన. లోపల ఏసీ గాలి పడదు, బయట ఎండ పడదు, రెండింటికీ మందు ఒకటేనన్నట్టు పొద్దున్నా సాయంత్రం నడినెత్తిన ఆముదం అద్దుకునేది. దిండ్లు, సోఫా, తలుపు పిడి, ఆఖరికి నా డ్యూటీ యూనిఫాం కూడా అదే వాసన కొట్టేవి. నాకప్పుడు తొమ్మిదో నెల. ఆవిడంటేనే పడదు కాబట్టి ఆవిడ నూనె కూడా పడలేదు. ఈ వాసన సంగతి ముందే చెప్పడానికి కారణముంది, తర్వాత మీకే తెలుస్తుంది.

మాది కోనసీమ వైపు. మా ఆయన సిత్రాలో రిఫైనరీ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో, పైపులతో పరంజాలు కట్టే స్కాఫోల్డింగు ఫోర్‌మన్. నేను ఒక ప్రైవేటు కాన్పుల క్లినిక్‌లో క్లీనింగు పని చేస్తాను. మీనా సల్మాన్ రేవు వైపు పోయే రోడ్డు మీద, కార్లు బాగుచేసే వర్క్‌షాపు పైన మా ఇల్లు. పెద్దపిల్ల మా అమ్మ దగ్గరే ఉండి బడికి పోతోంది. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది, రెండోది అత్తింటివాళ్ళది అని మా వైపు లెక్క. నేను ఊరికి రానని మొండికేస్తే, పురుడు పోయడానికి అత్తయ్యే విజిట్ వీసా మీద వచ్చింది. అత్తలేని కోడలు ఉత్తమురాలు అంటారు కదా, సముద్రం అడ్డం ఉన్నన్నాళ్ళూ నేనూ ఉత్తమురాలినే.

ఊరికి ఎందుకు రానన్నానంటే, ఆ బల్ల వల్ల.

మొదటి కాన్పుకి మా ఊరి పక్క టౌనులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కాన్పు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు రెండూ ఇనుప కొక్కేలకు తగిలించారు. నొప్పి వచ్చినప్పుడల్లా నా ఒళ్ళు లేచి కూర్చోమనేది, పక్కకి తిరగమనేది. లేవబోతే ఆయా భుజాలు నొక్కిపట్టేది. నీళ్ళడిగితే ఇవ్వలేదు. కేక పెడితే నర్సు తొడ మీద చరిచి, "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకమ్మా, కాళ్ళు తియ్యి" అంది. ఆవిడ ముఖం మర్చిపోయాను గానీ ఆ చేతికున్న ప్లాస్టిక్ గాజులు ఇప్పటికీ కళ్ళముందున్నాయి. కోశారు, కుట్టారు. నెల దాటినా పీట మీద సరిగ్గా కూర్చోలేకపోయాను. కన్నది నేనే అయినా, ఆ గదిలో నేను చేసిందంటూ ఏమీ లేదు, నా మీద వాళ్ళు ఏదో చేసుకుపోయారు, అంతే.

ఆ పూట వరండాలో మా అత్తయ్య చేసిన హడావిడి చూడాలి. దారినపోయే వాళ్ళను కూడా ఆపి, "మా కోడలు బల్ల మీద కందమ్మా, డాక్టరమ్మ దగ్గరుండి సేసింది" అని చక్కెర పంచింది. ఆడపిల్ల పుట్టిందన్న మాట కూడా ఆవిడ నోట రెండోదే, మొదటిది బల్ల. కుట్లతో నేను మూలుగుతుంటే ఈవిడకి పండగేమిటని ఒళ్ళు మండిపోయింది. ఆ మంట అలాగే ఉంచుకుని బహ్రెయిన్ వచ్చేశాను.

ఇక్కడ మా క్లినిక్‌లో, వరండా చివర గదిలో ఒక తొట్టి ఉంది. నీలం రంగు, గుండ్రం, మనిషి కూర్చుంటే రొమ్ముల దాకా నీళ్ళు వస్తాయి. కొందరు అందులో దిగి కంటారు. కాన్పయ్యాక ఆ నీళ్ళు వదిలి, మందేసి తోమి, ఆరబెట్టే పని నాది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను, బర్రెల్లాగా నీళ్ళలో దిగడమేమిటని. తర్వాత చూశాను. వరండా పొడుగునా అరుచుకుంటూ వచ్చిన మనిషి, ఆ గోరువెచ్చటి నీళ్ళలో దిగేసరికి గొంతు తగ్గించేది. అంచు మీద చేతులేసి మోకాళ్ళ మీద ఉండేది ఒకతె. వెనక్కి వాలి కళ్ళు మూసుకునేది ఇంకొకతె. వాళ్ళను కాళ్ళు తియ్యమని ఎవరూ అనలేదు. ఎటు తిరగాలనిపిస్తే అటు తిరిగారు. నేను బయట మాప్‌కర్ర పట్టుకుని నిలబడి, వీళ్ళ ఒంటికేనా ఈ మర్యాద, నా ఒంటికి మాత్రం ఇనుప కొక్కేలా అని పళ్ళు నూరుకునేదాన్ని. ఆ తొట్టిని నేను తోమినంత కసిగా ఎవరూ తోమి ఉండరు.

కడుపు వచ్చిందని తెలిసిన వారమే మా మిడ్‌వైఫ్‌ను అడిగేశాను. ఆవిడ బహ్రెయినీ మనిషి, లావుగా, నెమ్మదిగా నడుస్తుంది, నాతో హిందీలో మాట్లాడుతుంది. స్టాఫుని కాబట్టి క్లినిక్‌లో ఒప్పుకున్నారు. రెండో కాన్పు, ఒంట్లో ఏ జబ్బూ లేదు, తొట్టిలో దిగొచ్చు అంది. అయితే తొట్టి ఒక్కటే నమ్ముకోవద్దని కూడా అంది. మొదటి నొప్పులకి నడవమంది. గోడకి చేతులానించి నడుం తిప్పమంది. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని అటూ ఇటూ ఊగమంది. వీపులో నొప్పి అయితే మోకాళ్ళూ చేతులూ నేలకానించమంది. అలిసిపోతే ఎడమవైపు తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమంది. ముద్దుగా ఏం చెప్పలేదు, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పి, "శ్వయ్ శ్వయ్" అంటూ నా చేత చేయించింది. అంటే మెల్లగా అని. నా ఒంటితో మెల్లగా అన్న మొదటి మనిషి ఆవిడే.

ఈ సంగతులన్నీ విని మా అత్తయ్య అగ్గిమీద గుగ్గిలమైంది.

"నీళ్ళలో కంటావేటే? నువ్వేటి సేపవా?"

"బిడ్డ ఇన్నాళ్ళూ నీళ్ళలోనే ఉంది కదా అత్తయ్యా. ఇంకో నిమిషం ఉంటే కొంపలేం మునగవు."

"బాలింతరాలు నీళ్ళు తాకకూడదని మేం గుడ్డ తడిపి గొంతులో పిండుకున్నాం. నువ్వు తొట్టిలో కూకుంటానంటావా! సన్నిపాతం కొట్టిందంటే ఈ దేశంలో నిన్నెవడు సూత్తాడే?"

"వెచ్చటి నీళ్ళండీ. డాక్టర్లున్నారు."

"డాక్టర్లుంటే బల్ల కూడా ఉంటాది కదా. సుబ్బరంగా బల్లెక్కి పడుకుని కనక ఈ ఏసాలెందుకు?"

మా ఆయన్ని మాట్లాడమంటే నీళ్ళు నమిలాడు. "అమ్మ పెద్దది, నువ్వు సదువుకున్నదానివి, మీరే సూసుకోండి" అని బూట్లు తొడుక్కుని పోయాడు. నేను చదివింది టెన్త్. ఆ టెన్త్ మీద భారమంతా వేసి వెళ్ళిపోయే మనిషి అతను.

ఇంట్లో బంతి మీద ఊగుతుంటే ఆవిడకి అసహ్యం. గోడకానుకుని నడుం తిప్పుతుంటే మొహం తిప్పుకునేది. నేను నేల మీద మోకాళ్ళేస్తే చాలు, "లేగు, లేగు, మంచవెక్కు, గొడ్డులాగా ఆ ఒంగోడవేటి" అని చెయ్యి పట్టి లాగేది. తన మటుకు తను మాత్రం మంచం ఎక్కేది కాదు. రెండో గదిలో ఆవిడ కోసం కొత్త మంచం కొన్నాం, దుప్పటి కూడా మడత విప్పలేదు. నేల మీద చాప, చాప మీద ఆవిడ. నన్ను మంచం మీద పడుకోమని పోరు, తనని పడుకోమంటే ఉలుకూ పలుకూ లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం మాట్లాడతాం. నేను పట్టించుకోవడం మానేశాను. రోజుకి పది మాటలనుకుంటే తొమ్మిది తగువే.

ఒకరోజు తగువులో నోరు జారాను. తొట్టి నిండడానికి చాలాసేపు పడుతుందనీ, నొప్పులు మొదలవగానే ఫోను చేస్తే వాళ్ళు ముందుగానే నీళ్ళు వదిలి ఉంచుతారనీ చెప్పాను. ఆవిడ ఆ మాటకి ఏమీ అనలేదు. మా అత్తయ్య ఏమీ అనకపోతే జాగ్రత్త పడాలని నాకు అప్పటికి తెలియదు.

రిఫైనరీలో షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు, మొదలయ్యాయి. ఆ రోజుల్లో మా ఆయనకి తెల్లారకముందే డ్యూటీ, పైన ఓవర్‌టైం. ప్లాంటు లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గరే పెట్టేయాలి. అలా అతను వెళ్ళిపోయిన ఒక పొద్దున నాకు గొంతులో గరగరగా ఉంది. అత్తయ్య అడగకుండానే మిరియాల చారు కాచింది. పెద్ద స్టీలు గ్లాసు నిండా పోసి తెచ్చింది.

"ఏడేడిగా తాగెయ్యి, కఫం తెగుద్ది."

పైన నూనె తేలుతోంది. పోపు నూనె అనుకున్నాను. ఆముదం వాసన వచ్చింది, కానీ ఆ ఇంట్లో ఏది ఆ వాసన వెయ్యలేదు కనుక! ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే గడగడా తాగేశాను. ఇంకో సగం గ్లాసు పోసింది. అదీ తాగాను. ఇన్నాళ్ళకి ఈవిడకి నా మీద దయ కలిగిందని కూడా అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మధ్యాహ్నం కాకముందే కడుపు దేవేసింది. బాత్రూంకీ మంచానికీ మధ్య తిరగడంతో సరిపోయింది. వాంతి కూడా అయింది. తిన్నదేదో పడలేదనుకున్నాను. అంతలో నడుంలోంచి నొప్పి పట్టుకుంది. మొదటి కాన్పుకి నొప్పులు మెట్లు మెట్లుగా వచ్చాయి. ఇది అలా కాదు, ఒకటి వదలకముందే ఇంకొకటి. నడవడానికి, గోడ పట్టుకోడానికి, బంతి మీద ఊగడానికి, నేర్చుకున్న దేనికీ వ్యవధి లేదు. క్లినిక్‌కి ఫోను చేసి తొట్టి నింపమని చెప్పాను. గేటు దగ్గరున్న మా ఆయన ఫోను మోగి మోగి ఆగిపోయింది. కింద వర్క్‌షాపులో పనిచేసే తెలంగాణ భాయ్ ఒకతను తన పికప్ తీశాడు. వెనక సీట్లో నా పక్కన అత్తయ్య కూర్చుంది. రోడ్డు పొడుగునా దేవుళ్ళను పిలుస్తూనే ఉంది, కానీ నా ముఖంలోకి చూడలేదు.

క్లినిక్ వరండాలో, నేను రోజూ తుడిచే నేల మీదే, ఉమ్మనీరు పోయింది. పచ్చగా ఉంది.

పచ్చగా వస్తే ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు. లోపలే బిడ్డ దొడ్డికెళ్ళిందన్నమాట. అప్పుడిక తొట్టి ఉండదు. బిడ్డ గుండె చప్పుడు వదలకుండా చూస్తూ ఉండాలి, పుట్టగానే పక్కన డాక్టరు ఉండాలి. అలాంటి రోజుల్లో నిండిన తొట్టిని వాడకుండానే ఖాళీ చేసింది నేనే. మిడ్‌వైఫ్ నేల వైపు చూసి, నా వైపు చూసింది. వరండా చివర గదిలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. "ఖలాస్, నీళ్ళు ఆపేయండి" అని ఎవరికో చెప్పింది. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏం తిన్నావు? ఏం తాగావు?" అని అడిగింది.

చారు అన్నాను. అనగానే నాకే అర్థమైంది. వెనక్కి తిరిగి అత్తయ్యను చూశాను.

"ఏం పోశారు అందులో?"

"ఆవదం" అంది నేల చూస్తూ. "మా కాలంలో అందరికీ పోసేవోరే. నొప్పులు గట్టిగా వత్తాయి, బేగా అయిపోద్ది. ఆ తొట్టి నిండేలోగా బల్ల మీద కనేత్తావని పోశాను."

చేతికి ఏదైనా అంది ఉంటే ఆవిడ మీద విసిరేదాన్ని. అందలేదు, నొప్పి వచ్చింది. మిడ్‌వైఫ్‌కి సంగతి చెప్పాను. ఆవిడ తల పంకించి, మా ముసలమ్మలూ ఇదే చేసేవాళ్ళు అంది. పచ్చనీళ్ళు దానివల్లే వచ్చాయని తను ఒట్టేసి చెప్పలేనంది. నేను వెయ్యగలను ఆ ఒట్టు, ఇప్పటికీ.

కాన్పు గదిలో డాక్టరు వచ్చి బల్ల చూపించింది. అచ్చం అదే బల్ల, కాకపోతే మెత్తగా ఉంది, కొక్కేలు మెరుస్తున్నాయి. ఎక్కనన్నాను. బిడ్డ గుండె చూడాలి కదా అంది. గుండె చప్పుడు వినే బెల్టులు కడుపుకి కట్టండి, మోకాళ్ళ మీద ఉంటానన్నాను. ఒకసారి పడుకుంటే పరీక్ష చేసి వదిలేస్తానంది. పడుకున్నాను. వెల్లకిలా పడుకున్న క్షణం నుంచీ గుండె చప్పుడు నెమ్మదించడం మొదలుపెట్టింది. టకటకమంటున్నది కాస్తా ఆగి ఆగి వినిపిస్తోంది. మిడ్‌వైఫ్ నా తుంటి కింద చెయ్యేసి, "యల్లా", పద అని, ఒక్క తిప్పుతో నన్ను మోకాళ్ళ మీదికి తెచ్చింది. కాసేపటికి చప్పుడు మళ్ళీ అందుకుంది. డాక్టరు కూడా విన్నది. "సరే, ఇలాగే ఉండు. మళ్ళీ తగ్గితే మాత్రం నేను చెప్పినట్టు వినాలి" అంది. వింటానని మాటిచ్చాను. తొట్టి పోయింది, కానీ బల్ల మాత్రం ఇంకా రాలేదు, అదొక్కటే నాకు మిగిలింది.

కింద మెత్తటి పరుపు పరిచారు. బల్ల దిగి దాని మీద మోకాళ్ళేసి, ఎదురుగా కుర్చీ పట్టుకున్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా కుర్చీ జారిపోతోంది. "ఎవరైనా మనిషి కావాలి పట్టుకోడానికి" అంది మిడ్‌వైఫ్. మా ఆయన సిత్రాలో ఏ పైపు మీదున్నాడో. ఆ గదిలో ఊరికే ఉన్న మనిషి ఒక్కతే. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, గడ్డొచ్చినా పట్టాలి. పురుడు పోస్తానని విమానమెక్కి వచ్చింది కదా, పట్టుకోమన్నాను.

ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కూర్చుని, పట్టుకోడానికి బదులు దణ్ణం పెట్టింది.

"నీకు దణ్ణం పెడతాను, మంచవెక్కవే. తెల్ల దుప్పటేశారు, సూడు ఎంత సుబ్బరంగా ఉందో. ఎక్కవే అమ్మా."

"ఎక్కను" అని అరిచాను. "నీ కొడుకుని కన్నప్పుడు నువ్వెక్కావా?"

మీరు అనడం కూడా మర్చిపోయాను. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"నన్నెవరెక్కనిచ్చారే?" అంది. "నలుగుర్నీ ఇలాగే కన్నాను. గొడ్లపాకలో, దూలానికి తాడు కట్టి, ఆ తాడట్టుకుని, ఇదిగో ఇలాగే మోకాళ్ళ మీద. ఇంట్లో నులక మంచముంది. ఎక్కుతానన్నాను. మంచం మైలైపోద్దని మా అత్త పడనియ్యలేదు. ఆ మంచం మీద ఆవిడ కూకుని సూసింది. నలుగురికీ అంతే."

ఈ మాట విని మనసు కరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆవిడ కష్టం ఆవిడది, నా కడుపులో పోసిన ఆముదం నాది. ఆవిడ అత్త ఆవిడని మంచం ఎక్కనివ్వలేదు కాబట్టి ఆవిడ నన్ను మంచం దిగనివ్వదట. ఇదెక్కడి న్యాయం? నేను ఆ మాట అనేలోపే బిడ్డ కిందికి దిగుతున్నట్టు ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. రెండు చేతులూ ఆవిడ మెడ చుట్టూ వేసి వేలాడాను. ఆముదం వాసన గుప్పుమంది. ఆ వాసన మీద, ఆ మనిషి మీద, ఆ బల్ల మీద ఉన్న కసి అంతా కలిసొచ్చి, ఆవిడ భుజం కొరికాను. ఊరికే పళ్ళు ఆనించడం కాదు, గట్టిగా.

ఆవిడ అరవలేదు. నన్ను తోసెయ్యలేదు. వీపు నిటారుగా పెట్టి, మోకాళ్ళు దూరంగా వేసుకుని, నా బరువంతా ఆపింది. నేను ఎంత వేలాడినా ఆ మనిషి కదల్లేదు, ఆవిడ ఒకప్పుడు పట్టుకున్న తాడు కదిలి ఉండొచ్చేమో గానీ. వెనక నుంచి మిడ్‌వైఫ్ "శ్వయ్ శ్వయ్, ఊదు, తొయ్యకు, ఊదు" అంటోంది. ఎవరూ కొయ్యలేదు. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, నా కాళ్ళ మధ్య నుంచే నేను చూశాను.

బిడ్డ ఏడవలేదు. ఒళ్ళంతా పచ్చటి జిగురు, నీలంగా ఉంది. డాక్టరు అందుకుని మూలనున్న చిన్న బల్ల మీద పెట్టి గొంతులో గొట్టం పెట్టింది. నేను అత్తయ్య మెడ వదల్లేదు. ఆవిడ చెవిలో, "నా బిడ్డకేమన్నా అయితే నిన్ను చంపేస్తాను" అన్నాను. "సంపెయ్యి" అంది ఆవిడ. అప్పుడు ఏడ్చింది బిడ్డ. ముందు పిల్లికూనలా, తర్వాత గదంతా వినిపించేలా.

ఆడపిల్ల. నా రొమ్ము మీద పెట్టారు. గదిలో ఉన్న ఆ ఎత్తు బల్ల మీద దుప్పటి, పరీక్షకి పడుకున్నప్పటి ముడత తప్ప, అలాగే ఉంది. కాసేపు పోయాక ఎడమవైపు తిరిగి పడుకోడానికి నేనే ఎక్కాను దాని మీదికి, నా కాళ్ళతో, నాకు ఎక్కాలనిపించినప్పుడు. చీకటి పడే వేళకి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు, ఒళ్ళంతా రిఫైనరీ కంపు. ఏమైందని అడిగాడు. మీ అమ్మనడుగు అన్నాను. వాళ్ళమ్మ బిడ్డకి చుట్టిన గుడ్డ సర్దింది.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని, ఆముదం సీసా బాత్రూంలో పారబోయడం. ఆవిడ చూస్తుండగానే పారబోశాను. సాయంత్రానికి కొడుకు చేత ఇండియన్ షాపు నుంచి ఇంకోటి తెప్పించుకుని నెత్తికి రాసుకుంది. అలాగే ఉంది మా సంసారం. బాలింత మందు కాయం ముద్ద చేసి నోట్లో కుక్కేది, నడుంకి గుడ్డ బిగించి కట్టేది, చెవుల్లో దూది పెట్టేది, నేను చన్నీళ్ళతో చేతులు కడుక్కుంటే తిట్టేది. నేను తిరిగి తిట్టేదాన్ని. వెల్లుల్లి కారంతో అన్నం కలిపి పెట్టేటప్పుడు కూడా "నీ అంత మొండి ముండని నేను సూల్లేదు" అనే పెట్టేది. నేను తిన్నాను, ఆకలి వేసింది కాబట్టి. క్షమించాను కాబట్టి కాదు. బిడ్డ ఏడవని ఆ కాసేపు నాకు ఇప్పటికీ తిరిగొస్తూ ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఆ స్టీలు గ్లాసు కనిపిస్తుంది.

పురుటి స్నానం అయిన రోజు మధ్యాహ్నం, నేను మంచం మీద బిడ్డకి పాలిస్తున్నాను. ఆవిడ పక్కన చాప మీద కూర్చుని ఊళ్ళో ఉన్న చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది.

"అవునే, బల్ల మీదే" అంటోంది. "పెద్ద ఆసుపత్రి. తెల్ల దుప్పటేశారు, మల్లెపువ్వులాగుంది. తలకింద రెండు దిండ్లు. డాక్టరమ్మ పక్కనే నిలబడింది. సుకంగా పడుకుని కంది. ఎవరూ ఒక్క మాటనలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కాన్పు నాది. అంత పోరాడి, తొట్టి పోగొట్టుకుని, మోకాళ్ళు పీక్కుపోయేలా నేల మీద కన్నది నేను. దాన్ని కూడా బల్ల ఎక్కిస్తోంది ఈవిడ. బిడ్డని పక్కన పడుకోబెట్టి, వంగి ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"పిన్నిగారూ, అదంతా అబద్ధమండీ. నేను బల్లెక్కి కనలేదు. నేల మీద, మోకాళ్ళ మీద, మీ అక్కగారి మెడకి వేలాడి కన్నాను. కావాలంటే ఆవిడనే అడగండి, భుజం మీద నా పళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి."

అత్తయ్య చెయ్యి భుజం మీదికి వెళ్ళి పైట సర్దుకుంది. తిడుతుందనుకుని నేనూ సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. చాప మీంచి నా వైపు తలెత్తి చూసింది.

"నేను సెప్పేది నీ కాన్పు కాదులేవే" అంది. "ఇటియ్యి."

ఆ గొడ్లపాక, దూలానికి కట్టిన తాడు గుర్తొచ్చి ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆవిడ గోడకి జారబడి, మళ్ళీ తెల్ల దుప్పటి దగ్గర మొదలుపెట్టింది.